ఎక్కడేసిన గొంగడి అక్కడే ఉండొద్దని..!

"అక్కా, మీ దగ్గర అల్పకాలు లేవా?"

మా మందను చూడటానికి వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు ఈ మాట అడగకుండా పోరు. తప్పు వాళ్లది కాదు, రీల్స్‌ది! పొడుగు మెడ, నెత్తి మీద దూదిపింజెల కొప్పు, నవ్వుతున్నట్టుండే మూతి... ఏ దేశంలోనో ఓ కుటుంబం తమ పొలంలో అల్పకాలను పెంచుతుంది. టికెట్ కొని చూడటానికి జనం వస్తారు. వాటి మెడలో తాడేసి షికారు తిప్పుతారు, సెల్ఫీలు దిగుతారు, పోతూ పోతూ ఉన్ని టోపీ కొనుక్కుంటారు. ఆ వీడియో చూశాక మీకూ అనిపించే ఉంటుంది, 'మన దగ్గర ఇట్లాంటిది ఎందుకు లేదు?' అని.

ఉంది. బసంత్‌నగర్ పక్కనే ఉంది. మెడ కొంచెం పొట్టి, అంతే!

మాది గొల్లకుర్మల ఇల్లు. తాతల నాటి నుంచి గొర్లే మా బతుకు. ఇప్పుడు మా మందలో 70 గొర్లున్నాయి. వాటిలో 46 నల్లవి, అసలు సిసలు దక్కనీ జాతి. మిగిలినవి మాంసం కోసం పెంచే నెల్లూరు రకం, వాటి కలగలుపు. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం మా దొడ్డికి మనుషులు వస్తున్నారు. మంద చూస్తారు, పిల్లలకు మేత తినిపిస్తారు, మా బాపమ్మ ఉన్ని వడుకుతుంటే పక్కన కూర్చుంటారు. నేను డిగ్రీ చదివి, వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు పనిచేసే అమ్మాయిని. శని, ఆదివారాలు మాత్రం గొర్లకాపరిని.

సైరన్ల నడుమ మంద

మా ఊరు తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని రామగుండం వైపు వస్తుంటే, పెద్దపల్లి దాటాక తగులుతుంది బసంత్‌నగర్. 1969లో మొదలైన సిమెంట్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు. ఒక పక్క పాత ఎయిర్‌స్ట్రిప్. ఇంకాస్త ముందుకు పోతే 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు. అది దాటితే గోదావరిఖని, సింగరేణి ఓపెన్‌కాస్టులు, మట్టి కుప్పలు. షిఫ్టు సైరన్లు, బొగ్గు లారీలు, గూడ్స్ బండ్లు... ఇదీ మా దగ్గరి సంగీతం.

ఇలాంటి చోట గొర్ల మంద ఉంటుందని చాలామంది అనుకోరు. కానీ ఫ్యాక్టరీ కన్నా ముందు, బొగ్గు బావుల కన్నా ముందు ఇక్కడ ఉన్నవి బీళ్లు, గుట్టలు, చెరువులు, మందలే. ఓదెల మల్లన్న జాతరకు బండ్లు కట్టుకుని పోవడం, బీరప్ప పండుగకు ఒగ్గు కథ చెప్పించుకోవడం మా వాళ్లకు ఇప్పటికీ ఉన్న అలవాటు. తరువాతే ఒక్కొక్కరుగా బావుల్లోకి, ప్లాంట్లలోకి పోయారు. మా చిన్నాయన ఒకాయన కాంట్రాక్టు కార్మికుడు. మా బాపు మాత్రం గొర్లను విడవలేదు.

అల్పకాలు ఎందుకు కావు?

పిల్లలు అడిగే ప్రశ్నకు నేను సరదాగానే జవాబు చెబుతాను. పెద్దవాళ్లు అడిగితే మాత్రం కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే వాళ్లలో కొందరు నిజంగానే "పెట్టుబడి పెడదామా?" అని అడుగుతుంటారు.

అల్పకా అసలు గొర్రె కాదు. ఒంటె చుట్టం. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, సముద్ర మట్టానికి మూడున్నర వేల మీటర్ల పైన చల్లని గాలిలో బతికే జీవి. పెరూ, బొలీవియా దేశాల్లోని కొండ కుటుంబాలకు అదే ఆస్తి. ఏడాదికి ఒకసారి ఉన్ని కత్తిరిస్తారు. చూడి కాలం దాదాపు పదకొండున్నర నెలలు, ఒక ఈతకు ఒకటే పిల్ల. కోపమొస్తే ఉమ్ముతుంది. హాయిగా ఉంటే 'హమ్..' అని సన్నగా కూనిరాగం తీస్తుంది. మందంతా ఒకేచోట పేడ వేస్తుంది. ఈ ఒక్క గుణం మా గొర్లకు వస్తే మా అవ్వ దేవుడికి కొబ్బరికాయ కొట్టేది!

మరి మా దగ్గర ఎండాకాలం ఎట్లా ఉంటుందో మీకు తెలియంది కాదు. రామగుండం పేరు టీవీలో వచ్చేదే ఉష్ణోగ్రతల పట్టికలో. 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. అంత వేడిలో మందమైన ఉన్ని కప్పుకున్న కొండ జంతువును నిలబెట్టడం పాపం. ఏసీ షెడ్డు వేసి పెంచితే, కరెంటు బిల్లు చూసి మనం ఉమ్మాల్సి వస్తుంది.

డబ్బు సంగతి కూడా చెబుతాను. అమెరికాలో 1980లలో అల్పకాలను తెచ్చి పెంచడం మొదలైంది. తరువాత అదొక జ్వరంలా పట్టుకుంది. మంచి జాతి ఆడ అల్పకాలు వేల డాలర్లకు అమ్ముడుపోయేవి. కొన్నవాళ్లు పిల్లల్ని తీసి ఇంకొకరికి అమ్మేవాళ్లు, వాళ్లు మరొకరికి. ఉన్ని మీద వచ్చే డబ్బు ఆ ధరకు ఎక్కడా సరిపోయేది కాదు. ఆర్థిక శాస్త్రవేత్తలు ఇది నీటి బుడగ అని 2007లోనే హెచ్చరించారు. 2008 మాంద్యం తరువాత ధరలు కుప్పకూలాయి. కొందరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేకపోయారు.

ఇది చదువుతుంటే మీ ఇంట్లో పెద్దవాళ్లకు 'ఈము' గుర్తొచ్చి ఉంటుంది. మన దగ్గర కూడా ఈము పక్షుల పెంపకం అంటూ ఊరూరా ఆశ పుట్టించారు. నూనె అన్నారు, మాంసం అన్నారు, తోలు అన్నారు. చివరకు కొనేవాడు లేక, మేత పెట్టలేక రైతులు మునిగారు. 2012 నాటికి తమిళనాడులో ఈము కంపెనీల మోసాలు బయటపడి, వేలమంది డిపాజిట్లు పోగొట్టుకున్నారు. పక్షిదీ తప్పు కాదు, అల్పకాదీ తప్పు కాదు. ఆ నేలకు, ఆ సంతకు సంబంధం లేని జీవిని తెచ్చి దాని మీద లెక్కలు కట్టడమే చిక్కు.

మన నేల మీద పుట్టిన గొర్రె

మా నల్ల గొర్రె లెక్క వేరు. దక్కనీ అనే పేరులోనే ఉంది దాని ఊరు. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని దక్కను పీఠభూమి మీద తరాలుగా బతుకుతున్న జాతి. రాళ్ల నేలలో మైళ్లకు మైళ్లు నడుస్తుంది. ఎండుగడ్డి, తుమ్మకాయలు, కోసిన చేలలో మిగిలిన కొయ్యకాళ్లు, ఏది దొరికితే అది తిని బతుకుతుంది. కరువు వస్తే చిక్కిపోతుంది తప్ప పడిపోదు. మీద ముతక ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నితోనే మన గొంగడి.

గొంగడి అంటే మీలో కొందరికి గద్దర్ భుజం మీద ఉండేదే గుర్తొస్తుంది. 'మా భూమి' సినిమాలో బండి యాదగిరి పాటకు ఆయన ఆడిపాడినప్పటి నుంచి అది ఉద్యమాల గుర్తు కూడా అయింది. ఇంకొందరికి క్రికెట్ గుర్తొస్తుంది. 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో 'ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్' అయిన మన భద్రాచలం అమ్మాయి ఇంటిపేరు గొంగడి కదా! ఆ రోజు మా బాపమ్మ టీవీలో పేరు విని "ఇగో, మన గొంగడి ప్రపంచకప్ తెచ్చింది" అని వాడంతా చెప్పుకొచ్చింది.

కాపరికి గొంగడి ఒక దుప్పటి మాత్రమే కాదు. వాన పడితే కొప్పెర పెట్టుకుంటాడు. సన్నని వానకు నీళ్లు పైపైనే జారిపోతాయి. చలికి కప్పుకుంటాడు. ఎండకు తల మీద వేసుకుంటే లోపలికి వేడి దిగదు. పొలంలో పరుపు అదే, పిల్లను ఎత్తుకునే ఊయల అదే, పెళ్లిలో, పండుగలో పరిచే పీఠం కూడా అదే. 'గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు' అనే సామెత ఊరికే పుట్టలేదు. మా ఇళ్లల్లో నిజంగానే గొంగడి పరుచుకుని తిన్నాం, వెంట్రుకలూ ఏరుకున్నాం!

పొద్దున ఐదింటికి మొదలు

వీడియోల్లో కనిపించని సంగతి ఏంటంటే, పశువులున్న ఇంట్లో ఆదివారం ఉండదు. పొద్దున ఐదింటికి అవ్వ దొడ్డి ఊడుస్తుంది. ఆ ఎరువు కూడా పైసలే. పాలు తాగే పిల్లల్ని తల్లుల దగ్గరకు వదిలి, తాగాక మళ్లీ గంప కింద వేస్తాం. బాపు ఒక్కో గొర్రెను చూపుతోనే పరీక్ష చేస్తాడు. చెవులు వాలిందా, నెమరు వేస్తుందా, కాలు ఎత్తి పెడుతోందా? తేడా కనిపిస్తే ఆ రోజు దాన్ని మందలో పంపడు.

తొమ్మిది, పదింటికి మంద బయలుదేరుతుంది. మంచు ఆరకముందు మేపితే కడుపు పాడవుతుందని బాపు నమ్మకం. పశువుల డాక్టరు కూడా అదే చెబుతాడు. తడి గడ్డి కొనల మీదికి నట్టల పిల్లలు ఎక్కి ఉంటాయట. అందుకే ఏడాదికి రెండు, మూడు సార్లు నట్టల మందు, వానకాలం ముందు చిటుక రోగం టీకా, ఆ పైన పీపీఆర్, నీలి నాలుక టీకాలు. ఒక్కటి తప్పినా ఒకే రాత్రి పది గొర్లు పోవచ్చు.

పంటలు కోశాక రైతులు మమ్మల్ని పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్లు అక్కడే పడుకుంటే ఆ ఎరువు, ఆ మూత్రం నేలకు బలం. దానికి వడ్లో, డబ్బులో ఇస్తారు. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే కాలంలో ఈ మాట మళ్లీ వినిపిస్తోంది. "రెండు రాత్రులు మా చెల్కల ఆపరాదె" అని పోయిన యాసంగిలో ముగ్గురు రైతులు బాపును అడిగారు.

ఆదివారం చుట్టాలు

సందర్శకులు అనే మాట మా బాపమ్మకు నోరు తిరగదు. "చుట్టాలు" అంటుంది. మొదట వచ్చింది ఎన్టీపీసీ టౌన్‌షిప్ నుంచి ఒక కుటుంబం. రోడ్డు మీద మంద అడ్డమైతే కారు ఆపి దిగారు. వాళ్ల పాప గొర్రెపిల్లను ముట్టుకుని వదల్లేదు. మరుసటి వారం ఇంకో రెండు కుటుంబాలను వెంట తెచ్చారు. నేను ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాను. గోదావరిఖని, మంచిర్యాల, కరీంనగర్ నుంచి ఫోన్లు రావడం మొదలైంది.

తలకు యాభై రూపాయలు పెడదాం అని నేనంటే బాపు నవ్వాడు. "గొర్రె జూసుడుకు పైసలిత్తరా? పిచ్చా ఏంది బిడ్డా!" అన్నాడు. ఇచ్చారు. పదేళ్ల లోపు పిల్లలకు మేం తీసుకోం. వచ్చినవాళ్లకు అవ్వ జొన్నరొట్టె, పచ్చి పులుసు పెడుతుంది. దానికి వేరే డబ్బులు.

వచ్చిన పిల్లలకు నేను చెప్పే ముచ్చట్లలో ఎక్కువగా పేలేవి రెండు. ఒకటి, గొర్రె కంటిపాప అడ్డంగా ఉంటుంది. అందుకే తల తిప్పకుండానే చుట్టూ చాలా దూరం చూస్తుంది. రెండోది, గొర్రెకు ముఖాలు గుర్తుంటాయి. 'గొర్రెలా తల ఊపకు' అని తిట్టే ముందు ఇది వినండి. ఒక గొర్రె 50 ఇతర గొర్ల ముఖాలను రెండేళ్ల పాటు గుర్తుపెట్టుకుంటుందని బ్రిటన్ శాస్త్రవేత్తలు 2001లో తేల్చారు. 2017లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, ఫొటోలు చూపించి బరాక్ ఒబామా, ఎమ్మా వాట్సన్‌ల ముఖాలు గుర్తుపట్టేలా గొర్లకు నేర్పారు. మా గొర్లకు ఒబామా తెలియదు గానీ, నట్టల మందు తాగించే మా తమ్ముడు మాత్రం బాగా తెలుసు. వాడు గేటు దగ్గర కనిపిస్తే చాలు, మంద మొత్తం ఆ మూలకు పోతుంది!

అన్ని ఆదివారాలూ ఇట్లా సరదాగా ఉండవు. డ్రోన్ ఎగరేస్తే మంద బెదిరి కంచెలో పడ్డ రోజు ఉంది. పిల్లను ఎత్తుకుని ఫొటోల కోసం గంటసేపు తిప్పితే, తల్లి ఆ సాయంత్రం దాకా మేత ముట్టని రోజు ఉంది. అప్పటి నుంచి రోజుకు ముప్పై మందికి మించి రానివ్వడం లేదు. ఈనే నెలల్లో పూర్తిగా బంద్.

ఒక గొంగడి వెనక

దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు తీస్తారు. ముందు చెరువులో కడిగి, ఆరబెట్టి, కాళ్లు కట్టి చేతి కత్తెరతో కత్తిరిస్తారు. చర్మం తెగకుండా తీయడం అంటే మామూలు పని కాదు. ఒక గొర్రె నుంచి ఒకసారికి వచ్చేది అరకిలో కూడా ఉండదు. మా లెక్కలో ఒక గొంగడికి పది, పన్నెండు గొర్ల బొచ్చు కావాలి. అన్నింటికన్నా మెత్తనిది పిల్లకు మొదటిసారి తీసిన బొచ్చు. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తుంది.

తరువాత బొచ్చులోని ముళ్లు, గడ్డి ఏరాలి. ఏకాలి. రాట్నం మీద వడకాలి. ఇది మా ఇళ్లల్లో ఆడవాళ్ల పని. బాపమ్మకు డెబ్బై దాటాయి. సీరియల్ చూస్తూ చూడకుండానే దారం తీస్తుంది. ఒక్కచోట లావు, ఒక్కచోట సన్నం ఉండదు. దారం పోగులు సాగదీసి, ఉడికించి నూరిన చింతగింజల గంజి పట్టించి ఎండబెడతారు. దాంతో పోగు గట్టిపడుతుంది. ఆ తరువాత నేత. అది మగవాళ్ల పని.

మా వాడలో నేత తెలిసినవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. మా చిన్నతాత. ఆయనకు ఒక కంట్లో శుక్లం తీశారు, రెండోది మసక. ఒక గొంగడి పూర్తి కావడానికి ఇరవై రోజులు పడుతోంది. అంచులో తెల్ల ఉన్నితో వేసే గీతలు ఆయన కంటితో కాదు, వేళ్లతో లెక్కపెడతాడు. పోయిన దసరా నుంచి నేను ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను. "ఆడివిల్ల మగ్గమెక్కుడేంది" అని మొదట గొణిగాడు. ఇప్పుడు నేను రాని ఆదివారం తానే ఫోన్ చేసి అడుగుతున్నాడు.

బాపు లెక్క, నా లెక్క

ఇక అసలు సంగతి. పోయిన ఎండాకాలంలో ఒక బేరగాడు వచ్చాడు. నల్ల గొర్లు మొత్తం ఒకే దెబ్బకు కొంటానన్నాడు. ఆ డబ్బుతో బరువు పెరిగే మాంసం రకం కొనుక్కోవచ్చని బాపు దాదాపు ఒప్పుకున్నాడు.

బాపును తప్పుబట్టడానికి లేదు. ఒకప్పుడు ఉన్నికి ధర ఉండేది. ఊళ్లల్లో ప్రతి ఇంటికీ గొంగడి కావాలి, ముతక కంబళ్లను సైన్యానికి కూడా కొనేవాళ్లు. తరువాత విదేశాల నుంచి మెత్తని ఉన్ని వచ్చింది, ఫ్యాక్టరీల నుంచి చవక పాలిస్టర్ దుప్పట్లు వచ్చాయి. ఇప్పుడు గొర్రెకు బొచ్చు తీయించే కూలి, ఆ బొచ్చు అమ్మితే వచ్చే డబ్బు కన్నా ఎక్కువ. చాలామంది కాపరులు తీసిన బొచ్చును అక్కడే పారేస్తున్నారు. గిరాకీ అంతా మాంసానిదే. దక్కనీ గొర్రె చిన్నది, నెమ్మదిగా పెరుగుతుంది. నెల్లూరు రకం పొడుగ్గా, బరువుగా ఎదుగుతుంది, బొచ్చు తీసే బాధ లేదు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. యూనిట్‌కు 20 ఆడ గొర్లు, ఒక పొట్టేలు, 75 శాతం రాయితీ. 2019 పశుగణన వచ్చేసరికి సుమారు 1.9 కోట్ల గొర్లతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. గొర్లు ఇన్ని ఉన్నా, గొంగడి నేసే చేతులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎందుకంటే మందల్లో పెరిగింది మాంసం రకాలు, ఉన్ని రకం కాదు.

మేపే జాగా ఇంకో బాధ. బాపు చిన్నప్పుడు మంద మేసిన బీళ్లలో సగం ఇప్పుడు ప్లాట్లు, గోదాములు, మట్టి కుప్పలు. రోజుకు ఆరు కిలోమీటర్లు నడిచేవాడు, ఇప్పుడు పది నడుస్తున్నాడు. మోకాలు నొప్పి. మా తమ్ముడికి మంద మీద మనసు లేదు. "షిఫ్టుకు పోతే నెల నెలా జీతం పడుతది బాపు" అంటాడు. అదీ నిజమే.

నా లెక్క నేను కాగితం మీద రాసి చూపించాను. ఆదివారం వచ్చే డబ్బుతో మంద బతకదు. అది బాపుకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ డబ్బుతో నట్టల మందు, టీకాలు, బొచ్చు తీసేవాళ్ల కూలి వెళ్లిపోతున్నాయి. ఇదివరకు అవి అప్పు. రెండోది, వచ్చినవాళ్లు గొంగడి కళ్లారా నేయడం చూశాక బేరం ఆడటం లేదు. పోయిన ఏడాది ఐదు గొంగళ్లు, చిన్న ఆసనాలు పదిహేను అమ్మాం. ఒక్కటి కూడా దళారికి పోలేదు. మూడోది, ఎండలు ముదిరి మేత తగ్గిన నెలల్లో ఏ గొర్లకు మందులు తక్కువ పట్టాయో బాపునే చెప్పమన్నాను. బాపు కొంచెంసేపు మాట్లాడలేదు. "నల్లయే" అన్నాడు.

అట్లా వచ్చే ఉగాది దాకా గడువు దొరికింది. అప్పటికి నల్ల గొర్లు తమ ఖర్చు తాము సంపాదించుకోవాలి. లేకపోతే బేరగాడికి ఫోన్ పోతుంది. ఇందులో సెంటిమెంట్ మాటలు చెల్లవని బాపు ముందే చెప్పాడు.

బయట ఏం జరుగుతోంది?

నాకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తోందంటే, ముతక ఉన్నికి కొత్త పనులు వెతుకుతున్నవాళ్లు కొందరున్నారు. హైదరాబాద్‌లో 'ఎర్తెన్ ట్యూన్స్' అనే సంస్థ గొంగడి బట్టతో రైతుల కోసం చెప్పులు, బూట్లు చేస్తోంది. తడికి, వేడికి తట్టుకునే గుణమే కదా పొలంలో కాలికి కావాల్సింది! దక్కనీ ఉన్ని కథను ఆ ఉన్నితోనే బొమ్మలు చేసి చెప్పిన 'దేశీ ఊన్' అనే చిన్న యానిమేషన్ సినిమాకు 2025లో ఫ్రాన్స్‌లోని అన్సీ ఉత్సవంలో అవార్డు వచ్చింది. ఆ వీడియో చూపిస్తే బాపమ్మ రెండుసార్లు వేయించుకుంది.

ఐక్యరాజ్యసమితి 2024ను ఒంటె జాతి జంతువుల సంవత్సరంగా ప్రకటించింది. అందులో అల్పకాలదీ వాటా ఉంది. 2026ను పచ్చిక బీళ్లు, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. అది మా వాటా. ఇలాంటి ప్రకటనలతో గొర్రెకు మేత దొరకదు, నిజమే. అయినా బీడు అంటే ఖాళీ జాగా కాదు, ఎవరో ఒకరి అన్నం గిన్నె అనే మాట పెద్ద వేదిక మీద వినిపించడం మంచిదే.

ఆండీస్ కొండల్లో అల్పకా కాపరుల కథ కూడా మా కథలాంటిదే. అక్కడా పిల్లలు పట్నం పోతున్నారు, అక్కడా ఉన్ని ధర కాపరి చేతికి వచ్చేసరికి కరిగిపోతుంది. తేడా ఒక్కటే. వాళ్ల ఉన్ని మెత్తనిది కాబట్టి ప్రపంచం దాన్ని స్వెటర్‌గా తొడుక్కుంది. మాది ముతకది. దీన్ని స్వెటర్ చేయాలని చూస్తే దురద తప్ప ఏమీ మిగలదు. కాలి కింద, నడుము కింద, గోడకు, బ్యాగుకు, చెప్పుకు... ముతకదనమే పనికొచ్చే చోట్లు వెతకాలి. ఎవరి గొర్రెకు తగ్గ పని వాళ్లదే.

వచ్చేముందు ఇవి గుర్తుంచుకోండి

మా దగ్గరికే అని కాదు, మీ ఊరి పక్కన ఏ మందను చూడటానికి పోయినా సరే...

* బిస్కెట్లు, బ్రెడ్, అన్నం పెట్టకండి. గొర్రె పొట్ట గడ్డికి, ఆకుకు తయారైంది. పిండి పదార్థం ఎక్కువైతే పులిసి ఉబ్బరం వస్తుంది, ప్రాణమే పోవచ్చు. సుబాబుల్ ఆకు, రావి ఆకు, తుమ్మకాయలు మేమే ఇస్తాం.
* పెంపుడు కుక్కను వెంట తేకండి. మీకు ముద్దుగా ఉండొచ్చు, మందకు అది తోడేలే.
* పిల్లను ఎత్తుకోవాలనిపిస్తే కాపరిని అడగండి. తల్లి కంటికి కనిపించే చోటే ఉండండి.
* ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. గర్భిణులు ఈనే కాలంలో దొడ్డిలోకి, కొత్తగా పుట్టిన పిల్లల దగ్గరకు రావొద్దు. గొర్ల నుంచి మనుషులకు సోకే కొన్ని జబ్బులు కడుపులోని బిడ్డకు ప్రమాదం.
* డ్రోన్ వద్దు. హారన్ వద్దు. మీ రీల్‌కు పాట తరువాత కలుపుకోండి.
* రోడ్డు మీద మంద అడ్డం వస్తే రెండు నిమిషాలు ఆగండి. కాపరికి మీ తొందర కన్నా కష్టమైనది ఇంకో రోడ్డు వెతకడం.

'ఎక్కడ వేసిన గొంగడి అక్కడే' అని ఏ పనీ ముందుకు సాగనప్పుడు మనవాళ్లు అంటారు. మా ఇంట్లో గొంగడి మాత్రం కదులుతోంది. కొంచెం కొంచెంగా, చిన్నతాత వేళ్ల నుంచి నా వేళ్ల మీదికి. నేను సొంతంగా నేసిన మొదటి ఆసనం ఒక పక్కకు వంకర పోయింది. దాన్ని అమ్మకానికి పెట్టొద్దన్నాడు బాపు. తీసుకెళ్లి, మేతకు పోయే సంచిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం చెట్టు కింద కూర్చునేందుకు.

ఉగాదికి ఇంకా టైమ్ ఉంది. మందలో ఈసారి పద్నాలుగు నల్ల గొర్లు చూడితో ఉన్నాయి.